అమ్మ పాటలోంచి కోసేసిన సైరన్

ఒళ్ళు మండిపోతోంది. గోదావరిఖని క్వార్టర్లలో నాతో పెరిగిన మీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

అరవైల చివర్లో మా వీధి ఇంజనీరుగారు ఇంట్లోనే రికార్డు చేసే మిషన్ తెచ్చి, అమ్మ బతుకమ్మ పాటను నల్లటి పళ్ళెం మీదికి ఎక్కించారు. పాట సగంలో గని సైరన్ మోగింది. షిఫ్టు వేళ కాదు. వేళకాని వేళ సైరన్ వినబడితే గనిలో ప్రమాదమేనని మన ఇళ్ళల్లో గరిట చప్పుడు కూడా ఆగిపోయేది, గుర్తుందా? అమ్మ పాట ఆగిపోయింది. నాన్న ఆ పూట గనిలోనే ఉన్నాడు. రికార్డులో అంతా నిశ్శబ్దం. కాసేపటికి గేటు నుంచి ఉరికొచ్చిన పక్కింటి కాక అరుపు: "ఫికర్ చెయ్యకు వదినా, సైరన్ ఖరాబై ఉత్తగనే మోగిందట!" అమ్మ వణికే గొంతుతో మళ్ళీ పాట అందుకుంది.

పెచ్చులూడుతున్న ఆ రికార్డును బాగుచేయమని మంచిర్యాలలో ఒక స్టూడియోకిచ్చాను. కాపీ తీయడానికి ఒక్కసారి ఆడించేసరికే అది పూర్తిగా పాడైంది. మిగిలింది ఆ స్టూడియో ఆయన సరిచేసిన పాటే.

"నడుమల మోత, ఖాళీ, ఎవరో ఒర్రుడు ఉండె సార్. అన్నీ తీసేసి అతికిచ్చిన. గొంతు వణుకు గూడ సాపు చేసిన," అన్నాడు గర్వంగా.

ఇప్పుడు పాట ఎక్కడా ఆగదు. కానీ అంత నిశ్చింతగా మా అమ్మ ఎన్నడు పాడింది?