ఎక్స్ అంటే ఐదే

ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేవాళ్ళం. గట్టిగా మాట్లాడితే అది పాడవుతుందేమోనని గొంతు కూడా తగ్గించేవాళ్ళం. చిలకలూరిపేట దాటాక మిరపచేల మధ్య కొత్తగా లేచిన ఓ ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కల లెక్చరరుగా చేరి నాకప్పటికి ఏడాది కూడా నిండలేదు. చీరాలలో మగ్గం నేసే ఇంట్లోంచి ఉద్యోగానికి వెళ్ళిన మొదటి మనిషిని (ఈ మాట మా నాన్న బస్సులో పక్కన కూర్చున్న ప్రతివాళ్ళకీ చెప్పేవాడు). అందుచేత ఉద్యోగం పోతుందన్న ఊహకే నాకు చెమటలు పట్టేవి.

ఆ ఏడు ఇన్‌స్పెక్షన్ కమిటీ వస్తుందన్నారు. వాళ్ళు సరేనంటేనే కాలేజీకి కొత్త సీట్లు. పత్తి జిన్నింగ్ మిల్లు నడిపిన మా కరస్పాండెంటుగారు, ఎవరో చెప్పారని, లెక్కలు నేర్పే సాఫ్ట్‌వేర్ ఒకటి తెప్పించారు. తెర మీద నోట్‌బుక్కులా తెల్లటి పేజీ తెరుచుకుంటుంది. లెక్క టైపు చేస్తే కింద జవాబు వస్తుంది. దాన్ని కమిటీకి చూపించే పని నా నెత్తిన పడింది. "చూడమ్మా, మర తిరిగిందా, సరేసరి. తిరక్కపోతే నువ్వు చీరాల బస్సెక్కెయ్," అన్నారాయన నవ్వుతూనే. ఆ నవ్వు తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

కమిటీ వచ్చే రోజు పొద్దున, అమ్మ గంజిపెట్టిన చీరలో అట్టముక్కలా నడుచుకుంటూ ల్యాబుకి వెళ్ళేసరికి, మా హెచ్‌ఓడీగారు కంప్యూటరు ముందునుంచి లేస్తున్నారు. (పిల్లలు ఆయన్ని 'గుండుసున్నా' అనేవారు. మార్కుల వల్లో, తల వల్లో తేలలేదు.) "అంతా బాగానే ఉందమ్మా, నేను వేసి చూశాగా," అని కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఎందుకైనా మంచిదని నేనూ కూర్చుని మొదటి లెక్క కొట్టాను. ఎక్స్ స్క్వేర్‌ని ఎక్స్‌తో డిఫరెన్షియేట్ చెయ్యమన్నాను. రెండు ఎక్స్ రావాలి. ఎర్రక్షరాలు వచ్చాయి. ఐదు అనేది చలరాశి కాదట! నేను అసలు ఐదు అనే మాటే ఎత్తలేదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. ఆ పేజీ మూసేసి కొత్తది తెరిచాను. కొత్త పేజీలోనూ అదే తిట్టు.

ఇంతలో వరండా చివర తుమ్ము వినిపించింది. కాలేజీ పక్క కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. మాకు అలవాటే గానీ కొత్తవాళ్ళకి ఆ ఘాటు ఆగదు. అంటే కమిటీ వచ్చేసింది. తుమ్ములు దగ్గరవుతున్నాయి. జీవితంలో మొదటిసారి, కరెంటు పోవాలని దేవుడికి మొక్కుకున్నాను. పోయింది! ఫ్యాన్లు ఆగాయి. కానీ ఎన్నడూ పనిచెయ్యని మా యూపీఎస్ ఆ రోజే కుయ్యిమంటూ అందుకుంది. తెర వెలుగుతూనే ఉంది, ఎర్రక్షరాలతో సహా.

"చూశారా సార్, కరెంటు పోయినా మా కంప్యూటర్లు ఆగవు!" లోపలికి వస్తూ మురిసిపోయారు కరస్పాండెంటుగారు. వాళ్ళ వెనకే హెచ్‌ఓడీగారూ వచ్చారు.

కమిటీలో పెద్దాయన ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని తెర మీదకి వంగారు. "ఏమ్మా, మా రోజుల్లో దీనికి రెండు ఎక్స్ అని రాసేవాళ్ళం. ఇప్పుడేమన్నా మారిందా?"

గదిలో ఎవరూ నవ్వలేదు. కరస్పాండెంటుగారి మొహం చూసే ధైర్యం లేక తెరనే చూశాను. ఇంతకీ ఈ ఐదు ఎక్కణ్ణించి వచ్చింది? ఏమీ తోచక, ఒట్టి ఎక్స్ అని కొట్టి ఎంటర్ నొక్కాను. జవాబు: ఐదు. అప్పుడు వెలిగింది. పేజీ మూసినా, లోపల లెక్క చేసే భాగం ఏదీ మర్చిపోదు. పొద్దున ఎవరో దానికి ఎక్స్ అంటే ఐదని చెప్పారు. పాపం, అది నమ్మింది.

"సార్, దీనికి ఎక్స్ అంటే ఐదని ముందే ఎవరో చెప్పారండి," అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. "నేను ఎక్స్ అన్నచోటల్లా ఐదు అని చదువుకుంటోందండి."

"ఎవరు చెప్పారు?" అన్నారు పెద్దాయన.

హెచ్‌ఓడీగారి వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ఆయన ఆగిపోయిన ఫ్యానుని శ్రద్ధగా పరిశీలిస్తున్నారు. దాని మీంచి చూపు తిప్పకుండానే, "నేనేనండి. కావాలనే పెట్టాను. పిల్లలు ముందే విలువ వేసేసి, ఆ తర్వాత డిఫరెన్షియేట్ చేస్తారు కదండీ, ఆ తప్పు చూపిద్దామని," అన్నారు.

నేను ఎక్స్‌ని మర్చిపొమ్మని ఆదేశం కొట్టి, లెక్క మళ్ళీ వేశాను. రెండు ఎక్స్ వచ్చింది. పెద్దాయన జవాబు చూశారు, హెచ్‌ఓడీగారిని చూశారు, చెమటకి తడిసిన నా నుదురు చూశారు.

"మంచి ఆలోచనండీ," అన్నారు. "ఆ అమ్మాయికి కూడా ఒక మాట ముందు చెప్పుంటే ఇంకా బాగుండేది." అని గది అదిరేలా తుమ్మారు.

సీట్లు వచ్చాయి. ఆ 'పాఠం' హెచ్‌ఓడీగారు రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ తన సొంత పద్ధతిగా చెప్పుకున్నారు. అది నిజంగానే మంచి పాఠం, నేనూ ఇప్పటికీ చెబుతాను. ఈ కాలం పిల్లలు తప్పు జవాబు వస్తే భుజాలెగరేసి, మళ్ళీ మొదలుపెడతారు. ముచ్చటేస్తుంది. ఒక్క జవాబు తప్పితే లోకం ఆగిపోతుందనుకున్న, గంజిచీరలోని ఆనాటి ఆ పిల్లని పిలిచి, ఓ గ్లాసుడు మజ్జిగిచ్చి కాసేపు కూర్చోబెట్టాలనిపిస్తుంది. కూర్చోదు, నాకు తెలుసు. ఒక్కసారి, ఇంకొక్కసారి ఎంటర్ కొట్టి చూస్తానంటుంది.