అవునని రాసిన లోర్నా

లోర్నా తిబొదో జలాంతర్గాములు కట్టే యార్డులో వెల్డరు. జలాంతర్గామి లోపలికి దిగి పనిచేయాలంటే, మనిషి నమ్మదగినవాడని ప్రభుత్వం విచారించి ఇచ్చే భద్రతా అనుమతి కావాలి. అది రాకపోతే ఇక బతుకంతా బయటి షెడ్డులో గొట్టాలు అతకడమే. పన్నెండేళ్ళుగా అదే చేస్తున్న లోర్నాకు ఆ షెడ్డు పేరెత్తితేనే ఒళ్ళుమంట.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: గత ఏడేళ్ళలో మత్తుమందులుగానీ, వేరేవాళ్ళకు రాసిన మందులుగానీ వాడారా?

"లేదని రాసి పడెయ్యవే. నీ కడుపులోకి తొంగిచూస్తారా ఏంటి?" అంది తోటి వెల్డరు డార్సీ. యార్డులో అందరూ ఇచ్చే సలహా అదే.

లోర్నా అవునని రాసింది. నాలుగేళ్ళ కిందట భుజం నొప్పికని మొదలుపెట్టి, ఐదు నెలలు దొంగతనంగా నొప్పి మాత్రలు మింగింది. మానేసిన తేదీ కూడా వేసింది. అబద్ధం బయటపడితే మాత్రలకంటే అదే ఎక్కువ ముంచుతుందని ఆమెకు తెలుసు.

దరఖాస్తు మీద విచారణకు వచ్చిన అధికారి మాత్రల గురించి పెద్దగా రెట్టించలేదు. చివర్లో మాత్రం ఒకటి అడిగాడు.

"ఈ సంగతి మీరు ఎవరి దగ్గరైనా దాస్తున్నారా? చెప్పేస్తానని ఎవడైనా మిమ్మల్ని బెదిరించి యార్డు రహస్యాలు లాగొచ్చు కదా."

"మా నాన్న దగ్గర. ఆ మాత్రలు ఆయనవే."

అధికారి రాసుకున్నాడు. "శుక్రవారం ఫైలు పైవాళ్ళకు పంపేస్తాను. ఈలోగా ఏమైనా మారితే ఫోన్ చెయ్యండి."

లోర్నా తిన్నగా తండ్రి ఆర్మాండ్ ఇంటికి వెళ్ళింది. ఆయన బీన్సు కూర తింటున్నాడు.

"నాన్నా, నీ వెన్ను ఆపరేషనప్పుడు మాత్రలు తక్కువయ్యేవి కదా. తీసింది నేనే."

చెంచా ఆగిపోయింది. ఆ ఐదు నెలలూ ఆర్మాండ్ పళ్ళబిగువున నొప్పి భరించాడు. మందుల షాపు వెండెల్ తక్కువ లెక్కపెట్టి ఇస్తున్నాడని ఊరంతా చాటాడు. అప్పటినుంచి ఆయనకూ వెండెల్‌కూ మాటల్లేవు.

"ఆ అనుమతి కోసం చెబుతున్నావా?"

"అవును. అది లేకపోతే చెప్పేదాన్ని కాదేమో. అందుకు ఇంకా సిగ్గుగా ఉంది."

ఆర్మాండ్ లేచి కోటు తొడుక్కున్నాడు. "పద, వెండెల్ దగ్గరికి. పాపం, వాణ్ణి దొంగని చేశాను."

"నామీద కోపం లేదా నాన్నా?"

"చాలా ఉంది. నడు."

షాపులో వరుసలో నిలబడ్డ నలుగురి ముందే లోర్నా అంతా చెప్పింది. గొంతు తగ్గించలేదు. బయటికొచ్చి విచారణ చేసినాయనకు ఫోన్ చేసి, ఇక ఎవరి దగ్గరా దాచడం లేదని చెప్పింది.

"రాసుకుంటాను. కానీ అనుమతి ఇచ్చేదీ ఇవ్వనిదీ నా చేతుల్లో లేదమ్మా," అన్నాడాయన.

"తెలుసండీ. ఇవ్వకపోతే మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటాను. అప్పుడూ అవుననే రాస్తాను."