ఏడు విజిల్స్ రిసొటో

కుక్కర్లో అన్నం మాడ్చినవాళ్లు, పప్పులో నీళ్లు పోయడం మరిచినవాళ్లు, మూతకు రబ్బరు పెట్టకుండా అరగంట సేపు విజిల్ కోసం ఎదురుచూసినవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లందరూ కాస్త దగ్గరికి జరగండి. నేను చేసిన పని చదివాక మీ మీద మీకు గౌరవం పెరుగుతుంది, హామీ నాది. ఒక ఇటలీ వంటను, మా వంటింటి గోడను, నా పరువును ఒకే కుక్కర్లో పెట్టి ఏడు విజిల్స్ రానిచ్చినదాన్ని నేను.

మాది నగరి. పుట్టింట్లో ఆరు మరమగ్గాలు. పొద్దున మొదలుపెడితే చీకటిపడే దాకా ఆడుతూనే ఉంటాయి. ఆ హోరులో ఉప్పు అడగాలన్నా అరిచే అడగాలి. కాన్పుకు అక్కడికి వెళ్లి, పాపకు ఐదో నెల నిండాక తిరుపతిలో రేణిగుంట రోడ్డులోని ఈ ఫ్లాటుకు వచ్చాను. మా ఆయన ఫ్యాక్టరీ బస్సు ఆరింటికి. ఆయన వెళ్లి నేను తలుపు వేసుకున్నాక ఈ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఫ్రిజ్ చప్పుడు ఆగినా ఎవరో మాట మధ్యలో లేచి వెళ్లిపోయినట్టు అనిపించేది.

ఆ నిశ్శబ్దానికి నేనే కాపలా కూడా. పాప లేస్తుందని చెప్పుల్లేకుండా నడిచేదాన్ని, గిన్నెల కింద గుడ్డ పరిచేదాన్ని. వచ్చిన మొదటి రోజే బెల్లు మీద ఒక కాగితం అంటించాను. 'పాప నిద్రపోతోంది. బెల్ కొట్టవద్దు. తలుపు తట్టవద్దు.' అక్షరాల కింద ఎర్ర గీత కూడా గీశాను. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినదాన్ని కదా, ఏ పనీ సగంలో వదలను.

పాప మంచి శ్రోతే కానీ ఎదురు మాట్లాడదు. అమ్మకు ఫోన్ చేస్తే మగ్గాల మధ్యనుంచి "బిడ్డ తినిందా, నువ్వు తిన్న్యావా" అని రెండు ప్రశ్నలు అరిచి, జవాబు వినపడక పెట్టేసేది. ఆఖరికి కుక్కర్ విజిల్ వేస్తే "వస్తున్నా, ఉండు" అని జవాబు చెప్పే స్థాయికి వచ్చాను. నవ్వకండి. పగలంతా ఇంట్లో నన్ను పిలిచేది అదొక్కటే.

ఇంకో కుక్కర్ కూడా ఉంది. అది గోడకు అవతల, పక్క ఫ్లాటులో. ఆ ఇంటామెను లిఫ్టు దగ్గర రెండుసార్లు చూసి నవ్వానంతే. కానీ ఆమె కుక్కర్‌తో నాకు మంచి పరిచయం. పొద్దున రెండు విజిల్స్ అంటే అన్నం. మూడు అంటే పప్పు. ఆదివారం ఆరు వస్తే మాంసం. వాళ్లింట్లో ఆరు విజిల్స్ వినబడితే, పిలవని పెళ్లి బాజాలు విన్నట్టు నేను గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. ఆమె తలుపు తడదామని మూడుసార్లు గడప దాటాను. వట్టి చేతులతో వెళ్లి ఏం చెప్పాలి? 'మీ కుక్కర్ నాకు బాగా తెలుసండీ' అని చెప్పాలా? మూడుసార్లూ వెనక్కే వచ్చాను.

అలాంటి రోజుల్లో ఫోన్లో ఒక వీడియో కనబడింది. ఎవరో ఒకామె బియ్యం, ఉల్లిపాయలు, చీజు, అన్నీ కుక్కర్లో వేసి మూత పెట్టింది. అది రిసొటో అట, ఇటలీవాళ్ల వంట. మూత తీసేసరికి మీగడలా జారే అన్నం. తర్వాత ఆమె బల్ల చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు కూర్చుని, తింటూ, ఒకళ్ల మాట ఒకళ్లు వినకుండా ఒకేసారి మాట్లాడుకున్నారు. ఆ వీడియోను పదకొండుసార్లు చూశాను. అందులో తొమ్మిదిసార్లు అన్నాన్ని చూడలేదు, ఆ బల్లనే చూశాను.

అప్పుడు నా బుర్రలో పథకం పుట్టింది. మనవైపు ఒక పద్ధతి ఉంది కదా, పక్కింటికి గిన్నెలో ఏదైనా ఇస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగిరాదు. ఏదో ఒకటి వేసుకుని, దాన్ని పట్టుకుని మనిషే వస్తుంది. మరి సాంబారో చిత్రాన్నమో పంపొచ్చు కదా అంటారా? అవి ఆవిడకు నాకంటే బాగా వచ్చు. ఆమె పుట్టాక ఎన్నడూ తినని వంట అయితే బాగాలేదని చెప్పడానికి ఉండదు. ఇదీ నా తెలివి.

ఆ బియ్యం వేరే రకమట, పొట్టిగా లావుగా ఉంటుందట. మా ఇంట్లో ఉన్నవి సన్నబియ్యం, అవి కూడా బియ్యమే కదా అనుకున్నాను. ఒక గ్లాసు వైన్ పోయాలన్నది వీడియోలో ఆమె. బాల్కనీలోంచి చూస్తే ఏడుకొండలూ కనిపించే ఇంట్లో ఆ పని నావల్ల కాదు. వైన్ అంటే ద్రాక్షరసమే కదా అని, పాప కోసం తెచ్చిన నల్లద్రాక్షను పిండి, తొక్కలతో సహా పోసేశాను. ఆరు చీజు ముక్కలు వేశాను. మూత బిగించి, పాప గది తలుపు వేసి, దాని సందులో దుప్పటి కుక్కాను.

ఇక అసలు ఘనకార్యం. వీడియోలో ఆమె 'ఏడు నిమిషాలు' అంది. పదకొండుసార్లు విన్నాను. కానీ కుక్కర్ అనగానే నా బుర్ర గడియారం చూడదు, విజిల్స్ లెక్కపెడుతుంది. మా అమ్మ, మా అవ్వ, అందరి బుర్రలూ అంతే. నిమిషాలు ఎటో జారిపోయి, ఏడు మాత్రం మిగిలింది.

మూడో విజిల్ దాకా మర్యాదగానే ఉంది. నాలుగోదానికి ఊదారంగు నురుగు చిమ్మింది. ఐదోదానికి గోడ మీద చీజు తీగలు సాగాయి. ఆరోది విజిల్ కాదు, జలుబు చేసిన ఏనుగు తుమ్ము. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా అక్కడ ఆపేస్తారు. నేను చేటను డాలులా పట్టుకుని, ఫ్రిజ్ వెనక నుంచి 'ఇంకొక్కటే, ఇంకొక్కటే' అని కుక్కర్‌ను బతిమాలాను. ఏడోది కూసింది. చేట చాటున పాక్కుంటూ వెళ్లి, పొడవాటి గరిటెతో స్టవ్ ఆపాను.

అప్పుడు తలుపు మీద దబదబా చప్పుడు.

ముఖం మీద ద్రాక్ష తొక్కతో, చేతిలో చేటతో వెళ్లి తీశాను. పక్కింటామె. యాభై ఏళ్లు ఉంటాయి, చేతికి రాగిపిండి అంటుకుని ఉంది. పేరు రమణమ్మ అని, చిత్తూరు దగ్గర పల్లె అని తర్వాత తెలిసింది.

"ఏం అమ్మణ్ణీ, ఏమన్నా అయిందా? మీ కుక్కరు ఏడు కూతలు కూసింది. కండ్లు తిరిగి పడిపోయినావేమోనని వచ్చినా."

నా కుక్కర్ ఎన్ని కూసిందో ఆవిడకెలా తెలుసని అడిగాను.

"నాలుగు నెలలుగా ఇంటానే ఉండాను కదా. మీ ఇంట్లో మూడు దాటిన దినం లేదు. పోయిన నెల రెండు దినాలు అసలు కూతే రాలేదు. ఒంట్లో బాగలేదేమో సూద్దామని ఈడి దాకా వచ్చినా. ఈ కాగితం సూసి, తట్టకుండా ఎనక్కి పోయినా."

ఆ రెండు రోజులూ నాకు జ్వరం. పాపను పక్కలో వేసుకుని, మా ఆయన తెచ్చిపెట్టి వెళ్లిన బ్రెడ్డు తిని పడుకున్నాను. ఎవరైనా వస్తే బాగుండునని తలుపు వైపే చూస్తూ పడుకున్నాను. ఆ తలుపుకు అవతల ఆవిడ నిలబడి, నేను ఎర్ర గీత గీసిన అక్షరాలు చదువుకుని వెళ్లిపోయింది. గోడ మీద చీజు మరక సబ్బుతో పోయింది కానీ, ఈ మాట మాత్రం ఇప్పటికీ పోలేదు.

నా ముఖంలో ఏం కనిపించిందో, ఆవిడ చెయ్యి చాపి ఆ కాగితాన్ని పీకేసింది.

"ఇది అంటించుకోని, మనుషులు రాలేదనుకుంటే ఎట్ట అమ్మణ్ణీ?"

పాప లేస్తుందని నేను గొణిగాను. ఏడు విజిల్స్‌కు లేవనిది తలుపు తడితే లేస్తుందా అని ఆవిడ గది తలుపు తీసి చూసింది. పాప బోర్లా పడుకుని గురక పెడుతోంది. మాది నగరి అని, పాప ఐదు నెలలు మగ్గాల పక్కనే పడుకుందని చెప్పాను. ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుని నన్ను పాదాల నుంచి తల దాకా చూసింది.

"మగ్గాల కాడ పండుకున్న బిడ్డకి నువ్వు చెప్పులిప్పి నడస్తా ఉండావా?"

కుక్కర్ మూత తీశాం. లోపల ఊదారంగులో, గరిటె నిలబెడితే పడిపోనంత గట్టిగా ఒక ముద్ద. రమణమ్మక్క వాసన చూసి, సంగటికి రాగిపిండి తక్కువైందంది. సంగటి కాదు, రిసొటో అన్నాను. అది ఏ ఊరిదని అడిగితే ఇటలీ అన్నాను.

"పాపం, ఆడ రాగులు దొరకవేమో" అంది.

పరుగున వెళ్లి రాగిపిండినీ, సంగటి కెలికే కట్టెనూ తెచ్చింది. పిండీ నీళ్లూ పోసి ఉడకనిచ్చి, కుక్కర్‌ను నేల మీదికి దించి, దాని చెవులు రెండు పాదాలతో తొక్కిపట్టి కెలికింది. ఇటలీ ఐదు నిమిషాల్లో లొంగిపోయింది. తడి గిన్నెలో ముద్దలు తిప్పి, వాళ్లింటి ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి, వేసి పెట్టింది. మధ్యలో పాప లేచి ఆవిడ ఒళ్లోకి చేరింది. పులుపు, ఉప్పు, తీపి, చీజు, నోట్లో ఏది ఎప్పుడు వస్తుందో తెలియని ఆ సంగటిని ఇద్దరం నేల మీద కూర్చుని తిన్నాం. ఒకళ్ల మాట ఒకళ్లు వినకుండా మాట్లాడుకున్నాం. నేను మా ఇంట్లోలాగా అరిచే మాట్లాడానట, ఆవిడే చెప్పింది. వాళ్లాయనకని ఒక ముద్ద గిన్నెలో తీసుకెళ్లింది. సాయంత్రం ఆ గిన్నె అలసంద వడలతో తిరిగొచ్చింది, మనిషితో సహా.

ఇక ప్రమాణం. పాప మీద ఒట్టు వేయాలంటే నాకు భయం కాబట్టి కుక్కర్ మూత మీద చెయ్యి వేసి చెబుతున్నాను. ఈ జన్మలో మళ్లీ రిసొటో వండను. బియ్యంలో ద్రాక్ష పిండను. నిమిషాలను విజిల్స్‌గా మార్చను. ముఖ్యంగా, ఏ పరిస్థితిలోనూ మా కుక్కర్‌ను ఏడో విజిల్ దాకా రానివ్వను.

ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా. నిన్న మధ్యాహ్నం కుక్కర్లో వట్టి నీళ్లు రెండు గ్లాసులు పోసి, మూత బిగించి, స్టవ్ వెలిగించి కూర్చున్నాను. ఐదో విజిల్‌కే రమణమ్మక్క తలుపు తట్టింది.