అద్దాలక్క బుగ్గలో గొట్టం

అద్దాలక్కకి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి జనమంతా అనేవాళ్లు. అసలు కోపమంటే ఏంటో ఆమెకి ప్రమాదం జరిగాకే తెలిసిందిలెండి వాళ్లకి!

ఇరవై రెండేళ్లుగా అద్దాల కొట్లో కోత పని ఆమెది. అద్దం మీద డైమండు మొనతో గీత గీసి విరిచిందంటే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. ఒకరోజు పిసినారి యజమాని అద్దం పలకల్ని తాడు కట్టకుండా గోడకి ఆనించాడు. ఒకటి జారి ఆమె ఎడమ బుగ్గ కోసేసింది. లోపల నరం తెగింది. నవ్వితే నోరు కుడివైపుకే పోయేది, నీళ్లు తాగితే ఎడమవైపు నుంచి కారిపోయేవి.

డాక్టరమ్మ ఆపరేషన్ చేసి, తెగిన నరం రెండు కొసల మధ్య సన్నటి గొట్టం అమర్చింది. "నరం ఇందులోంచి పాక్కుంటూ అవతలికి పోవాలమ్మా. రోజుకి మిల్లీమీటరు పెరుగుతుందనుకో" అంది.

యజమానేమో, "చూడక్కా, నీ మొహం చూసి జనం జడుసుకుంటున్నారు. ఆర్నెల్లలో బాగైతే సరి, లేదంటే నీ బల్ల ఇంకొకరికిస్తా" అన్నాడు.

అక్కకి ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లి, స్కేలు పెట్టి మచ్చ నుంచి పెదవి దాకా కొలిచింది. డెబ్భై మిల్లీమీటర్లు. అంటే డెబ్భై రోజులు!

డెబ్భయ్యో రోజు అద్దం ముందు కూర్చుంది. పెదవి కదిలితే ఒట్టు!

"పోనీలేవే, ఇంకో వారం చూద్దాం" అన్నాడు భర్త.

"నువ్వూ ఆ డాక్టరూ తోడుదొంగలు!" అని తిట్టి ఆస్పత్రికి పరిగెత్తింది. "ఏం డాక్టరమ్మా, తప్పు లెక్క చెప్తారా? స్కేలు పెట్టి కొలిచాను నేను!"

డాక్టరమ్మకి నవ్వాగలేదు. "నరం అద్దం మీద గీత కాదమ్మా, తిన్నగా పోవడానికి. మొదట కొన్ని వారాలు కదలనే కదలదు. ఆ తర్వాత వంకరటింకరగా పోతుంది. ఇంకో రెండు మూడు నెలలు పట్టొచ్చు. అసలు రాకపోవచ్చు కూడా."

ఆ చివరి మాట విన్నా అక్క ఏడవలేదు. పళ్లు కొరుక్కుంటూ పనికి పోయింది.

ఆర్నెల్లు నిండిన రోజున యజమాని కొత్త పనివాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. "లే అక్కా."

"ఎందుకు లేవాలి? నీ కొట్లో తెగింది నా బుగ్గ, నా చేతులు కాదు! సిగ్గులేదూ నీకు?"

కొత్తాయన కళ్లప్పగించి చూశాడు. "అమ్మా... మీ పెదవి ఎడమవైపు అదురుతోంది."

అక్క వేలు పెట్టి చూసుకుంది. నిజమే, సన్నగా కొట్టుకుంటోంది.

యజమాని మొహం విప్పారింది. "బాగవుతోందిగా! అయితే ఉండు మరి."

"బాగవుతోందని కాదు! అవకపోయినా ఉంటాను, ఏం చేస్తావో చెయ్యి!"

యజమాని తల గోక్కుంటూ కొత్తాయన్ని టీకి తీసుకుపోయాడు. ఆ పూట అక్క ఇరవై పలకలు కోసింది, తిడుతూనే.