అందరికీ ఒకే పాస్‌వర్డ్

నాకు కోపం తొందరగా వస్తుంది. మా ఇంట్లో అందరూ అదే మాట అంటారు. నేను ఒప్పుకోను. ఒప్పుకోమని ఎవరైనా గట్టిగా అడిగితే కోపం వస్తుంది. ఆ గురువారం పొద్దున వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు పోయే రైలు కూడా కోపంతోనే ఎక్కాను. తాండూరులో ఒక సేటును కడిగిపారేసి రావాలని నా ఉద్దేశం.

ఆ సేటుది నాపరాళ్ళ పాలిష్ యూనిట్. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, వికారాబాద్‌లో ఇంటి నుంచే వెబ్‌సైట్లు చేసిపెట్టడం మొదలుపెట్టినప్పుడు దొరికిన మొదటి పెద్ద పని ఆయనదే. ఏ సైజు బండలు ఎన్ని ఉన్నాయి, ఏ లారీలో ఎవరి సరుకు ఎక్కింది, అన్నీ నేను చేసిన వెబ్ అప్లికేషన్‌లో కనిపిస్తాయి. లారీ గేటు దాటగానే బటన్ నొక్కితే, బండలు కొన్నవాళ్ళ ఫోన్‌కు మెసేజ్ పోతుంది. ఆ మెసేజ్‌లు పంపే కంపెనీ మనకొక ఏపీఐ కీ ఇస్తుంది. కీ అంటే మరేం లేదు, పిల్లి కీబోర్డు మీద నడిచిపోయినట్టు పొడుగాటి అక్షరాల వరస. అది ఎవరి దగ్గర ఉంటే వాళ్ళే సేటు అనుకుని, కంపెనీ ఏమీ అడక్కుండా మెసేజ్‌లు పంపేస్తుంది.

మొదట్లోనే చెప్పాను, ఆఫీసులో ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ పెడదామని. సేటు చేయి ఊపేశాడు.

"ఏరేరు ఎందుకు మేడమ్? మేమంత ఒక్కింటోళ్ళ లెక్క. నా పేరు మీదనే ఒక్కటి పెట్టు, అందరు గదే కొట్టుకుంటరు."

ఆ ఒక్క పేరూ, ఆ ఒక్క పాస్‌వర్డూ గోడ మీది క్యాలెండర్‌పై పెన్నుతో పెద్ద అక్షరాలతో వెలిశాయి. చూసినప్పుడల్లా తల బాదుకోవాలనిపించేది. బాదుకోలేదు. నాకూ పని తగ్గింది కదా! అంతెందుకు, మా ఇంట్లో కొత్త పేజీలు పరీక్షించుకోవడానికి వేరే కీ తీసుకోవాలి. కంపెనీ అడిగితే ఇస్తుంది కూడా. రేపు తీసుకుందాంలే అనుకుంటూ నేనూ సేటు లాగిన్‌నే, ఆయన యార్డు కీనే వాడుకున్నాను.

సేటు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేది ఒక అక్క. యాభైకి దగ్గరగా ఉంటుంది. పద్దెనిమిదేళ్ళు అదే యూనిట్‌లో, పాలిష్ మిషన్ దగ్గర నీళ్ళలో నిలబడి పనిచేసింది. మోకాళ్ళు అరిగిపోతే, ఏడో తరగతి చదివింది కదా అని సేటే ఆఫీసులోకి మార్చాడు. పది రోజులు నేనే పక్కన కూర్చుని నేర్పించాను. మౌస్ పట్టుకునే ముందు ప్రతిసారీ చెయ్యి కొంగుకు తుడుచుకునేది. ఒక్కో అక్షరాన్ని ఒక్క వేలితో వెతుక్కుంటుంటే నాకు విసుగొచ్చి గొంతు పెరిగేది.

"ఒర్రకు బిడ్డా. పాలిష్ మిషన్ నీకిస్త, జర నడిపిచ్చు, నేను గూడ జూస్త," అనేది నవ్వుతూ. నా నోరు మూతపడేది.

ఇక జరిగింది చెప్తాను. ఆ వారం మంగళవారం మధ్యాహ్నం, సరుకు బుక్ చేసుకున్న వాళ్ళందరికీ ఒకేసారి "మీ లారీ బయల్దేరింది" అని మెసేజ్ పోయింది. లారీలన్నీ యార్డులోనే ఉన్నాయి. గుల్బర్గా వైపు ఒకాయన దింపుడుకు కూలీలను పిలిపించుకుని పొద్దుగూకేదాకా రోడ్డు వైపు చూశాడట. ఫోన్ చేసి కన్నడలో సేటును దులిపేశాడు. బటన్ ఎవరు నొక్కారని రికార్డు తీస్తే సేటు పేరే ఉంది. ఎందుకుండదు? అందులో అందరూ సేటే. ఆ సమయానికి కంప్యూటర్ ముందున్నది మాత్రం అక్క.

బుధవారం ఆమె నాకు ఫోన్ చేసింది.

"బిడ్డా, నేనైతే ఒత్తలే. గని ఒత్తలేదని ఎట్ల జెప్పాలె? అండ్ల సేటు పేరే ఉన్నదట. కుర్సీల కెల్లి లేపి మల్ల మిషన్ కాడికి తోలిండు." తర్వాత మెల్లగా అంది, "నా మోకాళ్ళ సంగతి నీకెర్కనే గద."

ఆ మాటకే నా ఒళ్ళు మండిపోయింది. ఎవరిదో తప్పు, ఎవరి మీదనో పడిందా? ఆఫీసు కంప్యూటర్ నుంచి ఆ మెసేజ్‌లు పోలేదని రుజువు చేసి, సేటు ముక్కు కింద పెడతానని రైలెక్కాను.

ఆ రుజువు మెసేజ్ కంపెనీ సైట్‌లో దొరుకుతుంది. ఏ మెసేజ్ ఎవరి ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చిందో అక్కడ రాసి ఉంటుంది. ధారూరు దాటాక కాస్త సిగ్నల్ వచ్చింది. లాప్‌టాప్ తెరిచి చూశాను. అక్కడున్నది యార్డు కనెక్షన్ కాదు. వికారాబాద్‌లో మా ఇంటిది.

అప్పుడు గుర్తొచ్చింది. మంగళవారం నేను కొత్త పేజీ ఒకటి పరీక్షించాను. మెసేజ్‌లో లారీ నంబర్ ఎలా కనిపిస్తుందో చూద్దామని, యార్డు జాబితా నకలు తీసి పెట్టుకున్నాను. నకలే కదా, మెసేజ్ నా ఒక్క ఫోన్‌కే వస్తుందని ధీమాగా బటన్ నొక్కాను. నా ఫోన్‌కు ఏమీ రాలేదు. నెట్‌వర్క్‌ను తిట్టుకుంటూ పొయ్యి మీద పప్పు చూడటానికి లేచాను. నకలు జాబితాలో నంబర్లు అసలువే, కీ అసలుదే. నా మొహం మండ!

నిజం చెప్తున్నాను, తాండూరు వచ్చేదాకా నేను అనుకున్నది ఒక్కటే. ఆ సైట్ నాకు తప్ప ఎవరికీ తెరుచుకోదు. కంపెనీ వాళ్ళ పొరపాటు అని చెప్పేస్తే సరిపోతుంది. అక్కకు కుర్చీ వస్తుంది, నా పరువు నిలుస్తుంది, ఎవరికీ నష్టం లేదు. ఆటోలో కూర్చుని ఆ అబద్ధాన్ని రెండు మూడు రకాలుగా పలికి చూసుకున్నాను కూడా.

గేటు దగ్గర దిగగానే అక్క కనిపించింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, బూడిద రంగు నీళ్ళలో, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని మిషన్ పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి, "తిన్నవా బిడ్డా?" అని అరిచింది. నేను తలూపి లోపలికి వెళ్ళిపోయాను. ఆమె ముఖం చూడలేకపోయాను.

"సేటూ, ఆ మెసేజ్‌లు పంపింది నేనే," అన్నాను నిలబడే.

అంతా చెప్పాను. పని పోయిందనే అనుకున్నాను. ఆయన విని నవ్వేశాడు.

"అరె, గింతేనా! పనిజేసేటోళ్ళకు మిస్టేక్ అయితయి మేడమ్. ఫికర్ జెయ్యకు. కూసో, చాయ్ తాగు."

చాయ్ వచ్చింది. గ్లాసు తీసుకుని, తాగకుండానే బల్ల మీద పెట్టేశాను. ఆయన మీద కోపమొచ్చింది, అంతకన్నా నా మీద వచ్చింది.

"నేను చేస్తే చాయ్, ఆమె చేసిందనుకుంటే మిషన్ కాడ నీళ్ళా సేటూ?"

ఆయన నవ్వు ఆగింది. బల్ల మీది కాగితాలను అటూ ఇటూ సర్దాడు. చెడ్డవాడు కాడు, ఆ సంగతి నాకు ముందే తెలుసు. "నేనే పోయి పిలుస్త," అని లేచి, చెప్పులతోనే ఆ బురదనీళ్ళలోకి నడిచాడు. మిషన్ మోతలో ఏం మాట్లాడాడో నాకు వినిపించలేదు. అక్క నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చింది.

"అక్కా, తప్పు నాది. రెండు రోజులు నిన్ను నీళ్ళలో నిలబెట్టింది నేనే," అన్నాను. ఏడుపొచ్చింది.

"కోపమైతే వచ్చింది బిడ్డా, అబద్ధమెందుకు," అంది. కుర్చీ వెనక పట్టుకుంది కానీ కూర్చోలేదు. "ఇగ నాకు ఏరే పేరు పెట్టు. నా తప్పయితే నాదని తెల్వాలె. కాకుంటే కాదని తెల్వాలె. గప్పుడే కూసుంట."

సేటు క్యాలెండర్ మీది పాస్‌వర్డును తన పెన్నుతోనే కొట్టేశాడు.

పాత కీ రద్దు చేశాను. యార్డుకు ఒకటి, నా పరీక్షలకు ఒకటి తీసుకున్నాను. ఆఫీసులో ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ చేశాను. అక్క పాస్‌వర్డ్ కొట్టే ముందు నేను గోడవైపు తిరిగాను.

"నువ్వు సుత జూడొద్దా?"

"నేను సుత చూడొద్దక్కా."

ఒక్కో మీట టక్కుమంటుంటే వింటూ నిలబడ్డాను. చాలాసేపే పట్టింది. ఈసారి నాకు విసుగు రాలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"బిడ్డా, ఇయ్యాల లారీ నంబర్ తప్పు గొట్టిన. మెసేజ్ గూడ పోయింది."

నేను భయపడ్డాను. ఆమె గొంతులో మాత్రం భయం లేదు.

"రికార్డుల నా పేరే వడ్డది. సేటు అడగకముందే నేనే పోయి జెప్పిన."

"ఏమన్నాడక్కా?"

"ఏమంటడు?" అంది. నవ్వుతోందని తెలుస్తూనే ఉంది. "కూసో, చాయ్ తాగు అన్నడు."