మూడు అతుకుల ట్యూబ్

పదిహేనేళ్లుగా ఒక అబద్ధాన్ని మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. అది ఒక సైకిల్ ట్యూబ్ గురించిన అబద్ధం. నవ్వొస్తుందా? నవ్వండి. నాకూ అప్పుడప్పుడు వస్తుంది. కానీ ప్రతి దసరాకూ మాజ్రిలో ఒక ఇంటి గడప దాటేటప్పుడు మాత్రం రాదు.

నేను మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో సైకిళ్లు బాగుచేసే మిస్త్రీని. పేరు చెప్పను. చర్చిలో పాటల పుస్తకం మీద వేలు పెట్టించి మా అమ్మ నాకు తెలుగు చదవడం నేర్పింది. మా చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడు, చదివేవాళ్లు తక్కువ; అందరూ మరాఠీ బడికి పోయినవాళ్లే. నేను ఎవరి పట్ల తప్పు చేశానో వాళ్లకు కూడా తెలుగు అక్షరం రాదు. అందుకేనా ఇది తెలుగులో రాస్తున్నాను? ఒప్పుకుంటున్నానని చెప్పుకుంటూ, వాళ్లు చదవలేని చోట దాచుకుంటున్నానా? అవునేమో. ముందు మీకైనా చెప్పనివ్వండి.

కొత్త సామాన్లు బజారులోకి వచ్చి పడుతున్న రోజులవి. ఇంటింటికీ రంగు టీవీలు, రోడ్ల మీద లావు టైర్ల గేరు సైకిళ్లు. ఆ సైకిళ్ల వెనకే ఒక పచ్చటి మందు కూడా వచ్చింది. దాన్ని ట్యూబులో పోస్తే ముల్లు దిగినా చిల్లి దానంతటదే పూడుకుపోతుందట. చిన్న ముల్లుకైతే నిజంగానే పూడేది. మా దారుల్లో తుమ్మముల్లు చిన్నదా? పెద్ద చిల్లి పడితే మందంతా బయటికి వచ్చి ట్యూబ్ నిండా పూసుకునేది. దాని మీద బొగ్గు దుమ్ము పట్టి, ముట్టుకుంటే చేతికి అంటుకుని వదిలేది కాదు. ఆ జిగురు మీద అతుకు వేసే సొల్యూషన్ పట్టదు, అతుకు నిలవదు. ఊళ్లో మిస్త్రీలందరిదీ ఒకటే మాట, పారెయ్యమని. ఆ సైజు కొత్త ట్యూబ్ కావాలంటే నాగ్‌పూర్ పోవాల్సిందే.

ఎవరో నా దుకాణంలో వదిలేసి పోయిన అలాంటి ట్యూబ్ ఒకటి నాకు పారెయ్యబుద్ధి కాలేదు. ఒక ఆదివారం నా భార్య మేక బోటి కడుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. వేడి నీళ్లు పోసి, పిండి, మళ్లీ పోసి, మళ్లీ పిండుతోంది. ట్యూబును కూడా ఇలాగే కడిగితే? వెంటనే లేచాను. వాల్వు లోపలి పిన్ను తీసి, మందంతా పిండేసి, సూది లేని సిరంజితో కుంకుడు రసం కలిపిన వేడినీళ్లు లోపలికి ఎక్కించాను. అలా ఆరేడు సార్లు కడిగాను. బయట మిగిలిన జిగురును మా రేకుల కప్పు మీద ఎండకు వదిలేశాను. మా చంద్రపూర్ ఎండ సంగతి మీకు తెలియదు, అది దేన్నీ వదలదు. ఎండిన పొరను జల్లించిన బూడిదతో రుద్దితే వడలిన తోలులా ఊడొచ్చింది. పెట్రోలు గుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో గీకి, సొల్యూషన్ పలచగా పూసి, వేలికి అంటుకోనంతగా ఆరాక అతుకు వేశాను. మొత్తం మూడు చిల్లులకు మూడు అతుకులు. చివరికి మా ఆవిడ మొహానికి రాసుకునే పౌడర్ కూడా ట్యూబుకు పూసి తిట్లు తిన్నాను. గాలి కొట్టి నీళ్లలో ముంచితే ఒక్క బుడగ రాలేదు. ఆహా! ఆ రోజు నా అంత గొప్పవాడు ఈ జిల్లాలో లేడనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా దుకాణంలో మేకుకు తగిలించాను. నాకే ఇంకా నమ్మకం చాలలేదు మరి.

సునంద మా గల్లీ పిల్ల. గేరు సైకిల్ తొక్కితే గాలికి కూడా అందేది కాదు. ఆ ఏడు ఆడపిల్లలకు కూడా సైకిల్ పోటీ పెట్టారు. తాడాలి దాకా పోయి తిరిగి రావాలి, మొదట వచ్చిన పిల్లను జిల్లా జట్టులోకి తీసుకుంటారు. ఓడిపోతే సైకిల్ అమ్మేస్తానని వాళ్ల నాన్న తేల్చి చెప్పాడు. మాజ్రి గనిలో పనిచేసే ఆమె మేనమామ శంకరన్న ఒక్కడే పిల్ల వైపు నిలబడ్డాడు. వెనక చక్రం ట్యూబ్ పాడైపోయి ఉంటే, సెలవు పెట్టి నాగ్‌పూర్ పోయి, కొత్త ట్యూబ్ కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. నా చేతిలో పెట్టి, వేరేవాళ్ల చెయ్యి దీని మీద పడొద్దన్నాడు.

నేను కళ్లు మూసుకుని ఎక్కిస్తానన్నాను. అదే నా పొగరు. పోటీకి ముందురోజు మధ్యాహ్నం, దుకాణంలో ఉన్న నలుగురితో కబుర్లు చెబుతూ, చూడకుండానే ఇనుప పట్టీతో టైరు లోపలికి నెట్టాను. పట్టీ కింద ట్యూబ్ నలిగింది. గాలి కొట్టగానే బుస్సుమంది. తీసి చూస్తే వాల్వు మొదట్లో బొటనవేలంత చిరుగు. అక్కడ చిరిగితే ఏ మిస్త్రీ అతకలేడు. ఊళ్లో ఆ సైజు ట్యూబ్ లేదు. శంకరన్న దగ్గరికి పోయి కాళ్లు పట్టుకోవాల్సింది. ఎందుకు పోలేదు? భయమా? భయం కాదు. ఇన్నేళ్ల తర్వాత నిజం చెబుతున్నాను, మేకుకు వేలాడుతున్న నా ట్యూబ్ వైపు చూశాను. పారేసిన ట్యూబ్ అంత దూరం నిలుస్తుందో లేదో చూడాలనిపించింది. దాన్నే చక్రానికి ఎక్కించాను. ఆ పిల్ల పోటీ మీద, బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద, నా పనితనానికి పరీక్ష పెట్టుకున్నాను. నా తప్పు ఇదీ.

తెల్లారి బయలుదేరే ముందు సునంద వెనక టైరు నొక్కి చూసింది.

"అన్నా, మామ తెచ్చిన ట్యూబే గదా ఏసినవ్?"

"గదే చెల్లె. గింకేం ఏస్త?"

"నీ మీద నమ్మకంతోని పోతున్న."

"పో బిడ్డ, ఏం గాదు."

ఆ గంటసేపు నేను పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. నాకు తెలిసిన పాటలన్నీ లోపల పాడుకున్నాను. మలుపులో మొదటి సైకిల్ కనబడగానే జనం తొక్కే పిల్ల ముఖం కోసం చూశారు, నేను వెనక టైరు కోసం చూశాను. నిండుగా ఉంది. బిగువుగా, గుండ్రంగా, పొద్దున ఎలా పంపానో అలాగే ఉంది! సునంద గీత దాటింది. నేను గంతులేశాను, గొంతు చించుకుని అరిచాను. సొంత చెల్లెలికి కూడా ఎవరూ ఇంత సంబరపడరని జనం అన్నారట. నేను అరిచింది ఆమె కోసం కాదు, ట్యూబ్ కోసం. అప్పుడు ఆ పిల్ల వచ్చి వంగి నా కాళ్లకు దండం పెట్టింది. పెట్టనిచ్చాను.

అంతటితో ఆగితే బాగుండేది. శంకరన్న గుర్తుగా దాచుకుంటానని ఆ ట్యూబ్ అడిగాడు. మూడు అతుకుల ట్యూబ్ ఎలా చూపిస్తాను? చక్రం దుకాణానికి తెచ్చి, చిరిగిన కొత్త ట్యూబ్ ఇచ్చాను. చిరుగు సంగతి అడిగితే, గీత దాటాక అప్పుడే చిరిగిందని చెప్పాను. పాపం, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల గెలిచేదాకా ఊపిరి బిగపట్టుకుని ఆగిందన్నాడు. ఒక్క మైలు కూడా తిరగని ఆ ట్యూబ్ అప్పటినుంచి ఆయన గోడ మీద ఉంది. దసరా నాడు పానాలు, పారలతో పాటు దానికీ పసుపు కుంకుమ పెడతాడు. నన్ను పిలిచి భోజనం పెడతాడు. వచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు: "సూడుండ్రి, మా పోరిని గెలిపిచ్చింది గిదే. కొత్తది గాబట్టే ఆగింది." నేను అన్నం కలుపుకుంటూ తల దించుకుంటాను. సిగ్గుతోనా? సగం సిగ్గే. మిగతా సగం ఉడుకుమోత్తనం. నా చేతులు చేసిన అతి గొప్ప పని ఎవరికీ తెలియదు, నా చేతులు పాడుచేసిన దానికేమో పూజలు!

ఇన్నాళ్లు అలాగే గడిచిపోయింది. ఇప్పుడు సునంద గడ్‌చాందూర్‌లో బడి పిల్లలకు ఆటలు నేర్పే టీచరు. పోయిన నెల వాళ్ల బడి సైకిల్ పందేనికి బండ్లు చూడమని నన్ను పిలిచింది. కోర్పనా వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల టైరు విప్పితే, ట్యూబుకు రెండు అతుకులున్నాయి. సునంద ఆ పిల్లను ప్రేమగానే పక్కన నిలబెట్టింది. "మల్ల ఏడాది కొత్త ట్యూబ్ ఏపిచ్చుకొని రా బిడ్డ. అతుకులతోని పందెం గెలుస్తరా? నేను కొత్త ట్యూబుతోనే గెలిచిన. అంతే గదా అన్నా?"

నేను తల ఊపాను.

ఆ పిల్ల సైకిల్ గోడకు ఆనించి, మిగతావాళ్లు పోతుంటే చూస్తూ నిలబడింది. ఆ అతుకులు నేను వేలితో తడిమి చూశాను. బాగా వేసిన అతుకులు. అవి ఆగేవి. నాకంటే బాగా ఆ మాట ఎవరికి తెలుసు? పదిహేనేళ్ల కిందటి అబద్ధానికి పొగరు అని పేరు పెట్టుకోవచ్చు. ఈ తల ఊపుడికి ఏం పేరు పెట్టను? ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నిన్న అటక మీది డబ్బా దించాను. మూడు అతుకుల ట్యూబ్ పౌడర్ పూసి చుట్టిపెట్టింది పెట్టినట్టే ఉంది. గాలి కొట్టాను. తొట్టిలో ముంచి, చుట్టూ తిప్పి, ఒక్కో అతుకు దగ్గర ఆపి చూశాను. ఒక్క బుడగ రాలేదు. మా ఆవిడ లోపలినుంచి ఏమైందని పరుగెత్తుకొచ్చింది. నేను అంత గట్టిగా అరిచానట.

ఎల్లుండి దసరా. సునంద కూడా మాజ్రి వస్తుంది. గాలి నింపిన ఈ ట్యూబును భుజానికి తగిలించుకుని, ఈ కాగితాలు జేబులో పెట్టుకుని పోతాను. వాళ్లకు తెలుగు చదవడం రాదు గదా, నేనే చదివి వినిపిస్తాను, ఇక్కడి దాకా, ఒక్క ముక్క వదలకుండా. శంకరన్న తిడతాడో, తంతాడో, ఇక నా గడప తొక్కొద్దంటాడో. సునంద నా ముఖం చూస్తుందో లేదో. క్షమించమని అడగను, ఆ ముఖం నాకు లేదు. ఒక్కటే అడుగుతాను, ఆ కోర్పనా పిల్లను వచ్చే ఏడు ఆ అతుకులతోనే పందెంలోకి రానివ్వమని. ఆ రోజు గెలిచింది కొత్త ట్యూబ్ కాదు. సునంద కాళ్లు, ఈ మూడు అతుకులు.