ఖాళీ సీసా సాక్ష్యం

ముందు గాజు చప్పుడు వినిపిస్తుంది. మెట్ల మలుపులో ఎక్కడో, సన్నగా, ఎవరో గాజుల మలారం విప్పుతున్నట్టు. బెంజ్ సర్కిల్ హారన్లన్నిటినీ దాటుకుని ఆ చిన్న చప్పుడే రెండో అంతస్తుకి ముందుగా చేరుతుంది. నీటి పరీక్షల ల్యాబులో శివపార్వతి మిషన్ మీంచి తల ఎత్తకుండానే, "వస్తోంది మహాతల్లి, కాలవలన్నీ చంకనేసుకుని" అంటుంది. ఆ తర్వాతే గుమ్మంలో సైదాబీ కనిపిస్తుంది. చెమటకి నుదుటికి అంటుకున్న జుట్టు, అంచున బురద పట్టిన చీర, రెండు చేతులా పొదివి పట్టుకున్న ఐసు పెట్టె. పెట్టెలో ముదురు రంగు గాజు సీసాలు ఇంకా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి.

"ఆ పెట్టె డ్రైవరుకివ్వొచ్చుగా, నడుం పట్టేస్తే ఎవరు మోస్తారు నిన్ను?"

"డ్రైవరు తెస్తే నీళ్ళొస్తాయే పార్వతీ. నేను తెస్తే కాలవొస్తుంది."

ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఒకరి టిఫిన్ ఇంకొకరు తింటూ యాభై దాటారు. సైదాబీ ఇప్పుడు ల్యాబుకి పెద్ద. ఆ సంగతి శివపార్వతికి జీతాల రోజున తప్ప గుర్తుండదు.

పెట్టెలో ఎప్పుడూ ఒక సీసా ఎక్కువ ఉంటుంది. సైదాబీ ల్యాబులో శుద్ధి చేసిన నీళ్ళు వెంట తీసుకెళ్ళి, కాలవ గట్టున, అదే ఎండలో, అదే గాలిలో, ఒక ఖాళీ సీసాలోకి వంపి, మూత బిగించి వెనక్కి తెస్తుంది. దారిలో గానీ గాలిలో గానీ చేతుల్లో గానీ ఏ మలినం అంటినా ముందు ఆ సీసా చెప్పేస్తుంది. అందులో ఏదైనా కనిపించిందా, ఆ రోజు తెచ్చిన మిగతా సీసాల మాట ఇక చెల్లదు. నీళ్ళున్నా, వాటిలో ఏ మలినమూ ఉండకూడదు కాబట్టి ల్యాబులో దాని పేరు ఖాళీ సీసా. "నీళ్ళకి ఊరు చూపించడానికి తీసుకెళ్తుంది" అని శివపార్వతి నవ్వేది.

సైదాబీ తండ్రి నాగుల్ మీరాకి వన్ టౌన్‌లో చిన్న అత్తరు కొట్టు ఉండేది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆ కొట్టు ముందు గాలి కూడా నెమ్మదిగా నడిచేది. ఎవరైనా సీసా తెచ్చి ఇందులో అసలు సరుకుందా అని అడిగితే ఆయన మూత తీసి, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఊరుకునేవాడు. జలుబు చేసిన రోజున మాత్రం సీసా ముట్టేవాడు కాదు. "ఈవేళ నా ముక్కు పనిచేయట్లేదు బాబూ, రేపు రండి" అనేవాడు. వాసన లేదని ఏనాడూ అనలేదు. రసాయన శాస్త్రం సైదాబీ కాలేజీలో నేర్చుకుంది. ఆ మాట మాత్రం కొట్టు చెక్కబల్ల మీద కూర్చునే నేర్చుకుంది.

ఆ మాటే ఆమెని నిద్రపోనివ్వలేదు, వేములదిబ్బ వెళ్ళొచ్చాక.

చల్లపల్లి దాటి, కాలవ అలిసిపోయి సన్నబడే చోట ఉంటుంది వేములదిబ్బ. పైన పామర్రు దగ్గర్నించీ చేలల్లో కొట్టిన పురుగుమందులన్నీ కొంచెం కొంచెంగా కరిగి, చివరికి ఆ ఊరి తాగునీటి చెరువులోకే దిగుతాయి. పైనుంచి మంచినీటి పైపు వేయమని ఊరు ఏళ్ళుగా అడుగుతోంది. అడిగినప్పుడల్లా ల్యాబు రిపోర్టు అడ్డం వచ్చేది. పురుగుమందు: నిల్.

సర్పంచి తెరేసమ్మ ఆ రోజు సైదాబీ ముందు నిండు గ్లాసు పెట్టింది.

"ఊడ్పులయ్యాక మందు కొట్టే రోజులండి ఇవి. మీ కాయితంలో ఏమీ లేదుగా, తాగండి మేడమ్ గారూ."

సైదాబీ గ్లాసు ఎత్తింది. పెదవుల దాకా వచ్చాక చెయ్యి ఆగిపోయింది. అత్తరు కొట్టు పిల్ల ముక్కుకి వాసన అందింది, చాలా దూరంగా, పొగమంచులో పడవ దీపంలా. ఏదో ఉంది. ఎంత ఉందో తెలియదు. ఉంది.

"మా మిషన్‌కి ఇంత తక్కువ కనిపించదు తెరేసమ్మగారూ. ఉండదగ్గ హద్దుకి ఐదింతలున్నా దానికి ఆనదు."

"ఆనకపోతే ఆనలేదని రాయాలి గదండీ! ఏనుగుల్ని పట్టే వలేసి, చేదు పరిగెలు పడలేదు కాబట్టి కాలవలో చేపల్లేవంటారా?"

సైదాబీ గ్లాసు కింద పెట్టింది. "మీ ఊళ్ళో నీళ్ళు ఇంకోసారి వచ్చినప్పుడు తాగుతాను" అంది.

అప్పుడే నీటి పరీక్షలకి కొత్త నిబంధనలు రాసే కమిటీ కూర్చుంది. అందులో సైదాబీ ఒక సభ్యురాలు. ఆమె అడిగింది చిన్న మాటే. ఏ ల్యాబూ నిల్ అని రాయకూడదు. తన చూపు ఎంతవరకు ఆనుతుందో అది రాయాలి. కనిపించి, కొలతకి అందకపోతే, ఉంది గానీ ఎంతో చెప్పలేం అని రాయాలి. ఇక ఉండదగ్గ హద్దు దాకా చూపు ఆనని మిషన్‌తో చేసిన పరీక్ష అసలు పరీక్షే కాదు. ఈ మాట నెగ్గితే వేములదిబ్బ మీద పడ్డ నిల్ అన్నీ చెరిగిపోతాయి. వీగిపోతే ఆ ఊరు ఇంకెన్నేళ్ళు ఆ నీళ్ళే తాగాలో ఎవరికీ తెలియదు.

మీటింగుకి కొద్ది రోజుల ముందు ల్యాబుకి కొత్త మిషన్ వచ్చింది. హద్దులో పదో వంతు కూడా దానికి కనిపిస్తుంది. సైదాబీ వేములదిబ్బ పరిగెత్తింది, సీసాలతో తిరిగొచ్చింది. శివపార్వతి మిషన్ ముందు కూర్చుంది. తెర మీద గీత కాసేపు నేల మీద పాకి, ఉన్నట్టుండి కొండలా లేచింది.

"సైదా! దొరికిందే!" శివపార్వతి కుర్చీలోంచి లేచిపోయింది. "హద్దుకి మూడింతలు!"

"ఖాళీ సీసా పెట్టు."

పెట్టింది. అక్కడా గీత లేచింది. కొండ కాదు, చిన్న దిబ్బ. అయినా లేచింది.

శివపార్వతి గది తలుపు దగ్గరగా వేసింది.

"ఇది నువ్వూ నేనే చూశాం" అంది శివపార్వతి మెల్లిగా. "ఆ కమిటీలో ఖాళీ సీసా సంగతి ఎవడడుగుతాడే? ఊళ్ళో మందున్న మాట నిజం కాదా?"

"నిజమే అనుకుంటున్నా. అనుకున్నది రాయడానికైతే ఈ మిషనెందుకు?"

సైదాబీ తెరేసమ్మకి ఫోన్ చేసింది. ఆ రోజు సీసాలు ఎవరి చేతుల్లోకి వెళ్ళాయో ఒక్కొక్కటీ గుర్తు చేయమంది. తెరేసమ్మకి అనుమానమే రాలేదు.

"ఎవరూ ముట్టలేదండి. మీరు కారు దగ్గరికెళ్ళినప్పుడు, ఇంకా నీళ్ళు పొయ్యని ఆ ఖాళీ సీసా నేనే శుభ్రంగా తొలిచిపెట్టాను. ఎంగిలో దుమ్మో, ఎవరి చేతిదో ఏమో! ఇంటికొచ్చినోళ్ళ గిన్నె తొలవకుండా ఎలా ఇస్తామండీ?"

"ఏ నీళ్ళతో తొలిచారు?"

"ఇంకే నీళ్ళున్నాయమ్మా మాకు? చెరువు నీళ్ళే."

సైదాబీ ఫోన్ పట్టుకుని చాలాసేపు నవ్వింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఆ మర్యాద అడుగున నిలిచిన గుక్కెడు చెరువు నీళ్ళని కూడా ఆ సీసా దాచుకోలేదు. అంత నిజాయితీ గల సాక్షిని ఆమె ఎన్నడూ చూడలేదు.

మీటింగులో వెంకటప్పయ్యగారు అధ్యక్షులు. రిటైరైన ఇంజనీరు, మాట కరుకు, మనిషి ముక్కుసూటి.

"సైదాబీ గారూ, చూపు మరీ పెంచితే దుమ్ము కూడా విషమని తేలుతుందండి. ఊళ్ళు గగ్గోలు పెడతాయి. తప్పుడు లెక్కకి ఎవరు జవాబుదారీ? పైగా మీ రూలొస్తే ముందు చెల్లకుండా పోయేవి మీ ల్యాబు పాత రిపోర్టులే!"

"ముందు అవే కొట్టేయండి సార్."

సైదాబీ లేచి, గెలుస్తాననుకుని తెచ్చిన ఫలితం గురించి కాదు, పారేసిన ఫలితం గురించి చెప్పింది. కొండలా లేచిన గీత, దాని పక్కన దిబ్బలా లేచిన గీత, తెరేసమ్మ మర్యాద, అన్నీ చెప్పింది. గిన్నె తొలిచిన మాట దగ్గర కమిటీ అంతా నవ్వింది. వెంకటప్పయ్యగారు నవ్వలేదు. ముందుకి వంగారు.

"అంటే ఆ కేసు మీ అంతట మీరే ఓడిపోయారా?"

"ఆ రోజుకి ఓడిపోయాను సార్. తప్పుడు లెక్కకి జవాబుదారీ ఎవరని అడిగారు కదా, ఆ ఖాళీ సీసాయే. ప్రతి పరీక్షతోనూ అది వెళ్ళాలని కూడా రూల్లో రాయండి. చూపు పెంచితే భయం లేదు. చూపుతో పాటు సాక్షిని కూడా పంపితే చాలు."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఇరవై ఏళ్ళు నేను నిల్ చూసి సంతకాలు పెట్టానమ్మా. లేదు అని చదివాను. చూడలేదు అని ఎవరూ చెప్పలేదు." గుమాస్తా వైపు తిరిగారు. "రాయండి. ఆవిడ చెప్పినట్టే రాయండి. ఒక్క అక్షరం తగ్గినా ఊరుకోను."

మర్నాడే ఐసు పెట్టె మళ్ళీ వేములదిబ్బ వెళ్ళింది. ఈసారి తెరేసమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, "నేను ముట్టుకోనండోయ్, అందరూ చూడండి!" అని గట్టు మీద నిలబడింది. సాయంత్రం ల్యాబులో ఖాళీ సీసా గీత ఎండాకాలం చేనులా నిశ్చలంగా పడుకుంది. దాని పక్కన ఊరి గీత లేచింది, ఈసారి ఎవరూ కాదనలేనంత ఎత్తుగా. శివపార్వతి ల్యాబంతటికీ పుల్లారెడ్డి మిఠాయిలు తెప్పించింది, డబ్బులు మాత్రం సైదాబీ పర్సులోంచి తీసింది.

పైపు వచ్చిన రోజున వేములదిబ్బలో డప్పులు మోగాయి. కొళాయి తిప్పగానే నీళ్ళు ముందు దగ్గాయి, తర్వాత నవ్వాయి, తర్వాత ఆగకుండా పాడాయి. పిల్లలు తడిశారు, పెద్దవాళ్ళు కూడా తడిశారు. తెరేసమ్మ ఒక గ్లాసు తీసుకుని కొళాయి కింద తొలిచింది, మళ్ళీ తొలిచింది, సైదాబీ వైపు చూసి కావాలని ఇంకోసారి తొలిచింది.

"తొలవొచ్చా మేడమ్ గారూ?"

"ఎంతసేపు కావాలంటే అంతసేపు తొలవండి!"

సైదాబీ గ్లాసు ఎత్తింది. కళ్ళు మూసుకుని, తండ్రిలాగే చాలాసేపు ఊరుకుంది. తర్వాత చివరి చుక్క దాకా తాగింది. డప్పుల చప్పుడు కాలవ వెంట పైకి, పై ఊళ్ళ వైపు పోయింది.

ఈ కథ రాయడానికి నేను ఆమెని కలిసిన రోజున, ఇంకా చెప్పాల్సిందేమైనా ఉందా అని అడిగితే, సైదాబీ ఐసు పెట్టెలో సీసాలు సర్దుతూ, ఖాళీ సీసాని చివరగా పెట్టి మూత వేసింది. మెట్ల వైపు నడుస్తూ వెనక్కి తిరిగి అంది:

"ఇంకేమీ లేదని మాత్రం రాయకండి. మీకు కనిపించింది ఇంత అని రాయండి, చాలు."